సియోల్ పాతబజారులో కాలినడకన: నెల్లూరు, ఒంగోలు ఉత్తరాలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చోటు గురించి. చదువుకో ఉద్యోగానికో కొరియా వెళ్ళిన పిల్లల్ని చూడబోతున్న తల్లిదండ్రులు కొందరు, సొంతంగా తిరిగి రావాలనుకునేవాళ్ళు కొందరు. అందరూ అడిగింది సియోల్‌లోని తిండి బజారు గురించే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం. ధరలు కొరియా వొన్‌లలో ఉన్నాయి. 1,000 వొన్ అంటే మన డబ్బులో సుమారు 60 రూపాయలు.

కావలి నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మాయి సియోల్‌లో చదువుతోంది. నేనూ మా ఆయనా వచ్చే నెలలో వెళ్తున్నాం. అక్కడ తిండి బజార్లు చాలా ఉన్నాయంటున్నారు. మాకు చేతిలో ఉండేది ఒక్క రోజే. దేనికి వెళ్ళమంటారు? అమ్మాయి తోడు లేకుండా చేరగలమా?

జవాబు: ఒక్క రోజే ఉంటే గ్వాంగ్‌జాంగ్ బజారుకు వెళ్ళండి. ఇది 1905లో మొదలైంది. అప్పటిదాకా కొరియాలో ఎక్కువగా మన సంతల్లాంటివే ఉండేవి. అయిదు రోజులకోసారి కూడి, సాయంత్రానికి లేచిపోయేవి. రోజూ తెరిచి ఉండే శాశ్వత బజారుగా, కొరియా వర్తకులు తమ సొంత పెట్టుబడితో నిలబెట్టుకున్నది గ్వాంగ్‌జాంగ్. పక్కనే పారే చొంగ్గ్యేచొన్ వాగు మీది గ్వాంగ్గ్యో, జాంగ్గ్యో అనే రెండు వంతెనల పేర్లు కలిపి ఆ పేరు పెట్టారు. బట్టల అంగళ్ళకు మధ్యలో తిండి బళ్ళు వరసగా ఉంటాయి. పైన కప్పు ఉంది కాబట్టి వానొచ్చినా ఇబ్బంది లేదు. నామ్‌దేమున్ బజారు దీనికన్నా పెద్దదే గాని అక్కడ సరుకుల కొనుగోళ్ళే ఎక్కువ. తిండి కోసమే వెళ్ళేవాళ్ళకు తిరుగుడు ఎక్కువవుతుంది.

దారి తేలికే. మెట్రో 1వ లైను ఎక్కి, ముదురు నీలం రంగు గీతను బట్టి జొంగ్నో ఓగా స్టేషన్‌లో దిగండి. కొరియా భాషలో 'ఓ' అంటే అయిదు. అందుకే బోర్డు మీద 5 అంకె ఉంటుంది. జొంగ్నో సామ్గా అని ఇంకో స్టేషన్ ఉంది, అది 3. రెండూ ఒకే లైను మీద పక్కపక్కన ఉంటాయి కాబట్టి పేరు విని కాక అంకె చూసి దిగండి. 8వ నంబరు దారిలో పైకి వస్తే రెండు నిమిషాల నడకలో బజారు ద్వారం కనిపిస్తుంది. విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చేవాళ్ళు అన్ని స్టేషన్లలో ఆగే విమానాశ్రయ రైలు ఎక్కితే గంటలో సియోల్ స్టేషన్ చేరతారు. అక్కడ 1వ లైనుకు మారితే నాలుగో స్టాపు జొంగ్నో ఓగా.

రెండు పనులు ముందే చేసుకోండి. మెట్రో, బస్సు ఛార్జీలకు వాడే టీ-మనీ కార్డు ఏ చిన్న సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. దాన్ని నింపించుకోవడానికి నగదు దగ్గర ఉంచుకోండి. రెండోది, గూగుల్ మ్యాప్‌ను నమ్ముకుని కాలినడకన బయల్దేరవద్దు. కొరియాలో అది నడక దారి సరిగా చూపదు. అక్కడివాళ్ళు వాడేది నేవర్ మ్యాప్. ఫోన్‌లో అది వేసుకుని, బజారు పేరును కొరియా అక్షరాల్లో మీ అమ్మాయి చేత ముందే పెట్టించుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే వీసా తీసుకోవాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట నుంచి: ఆ బజారులో పెసరట్టు లాంటిది దొరుకుతుందని విన్నాం. నిజంగా పెసలతోనే చేస్తారా? ఇంట్లో చేసుకోవచ్చా? ఒకసారి ప్రయత్నిస్తే పెనానికి అతుక్కుని ముక్కలైంది.

జవాబు: నిజంగా పెసలే. దాని పేరు బిందేత్తోక్. గ్వాంగ్‌జాంగ్‌కు ఇంత పేరు రావడానికి పెద్ద కారణం ఇదే. బండి ముందు మోటారు బిగించిన తిరగలి ఒకటి తిరుగుతూ ఉంటుంది. పైరాయి కంతలో నానిన పప్పు పోస్తూ ఉంటే రెండు రాళ్ళ మధ్య నుంచి పసుపుపచ్చ పిండి చుట్టూ కారుతుంది. మన ఊళ్ళో తిరగలి పొడిపప్పు విసరడానికైతే, అక్కడ తడిపప్పు రుబ్బడానికి కూడా అదే.

పెసరట్టుకూ దీనికీ పోలిక పప్పు దగ్గరే ఆగిపోతుంది. మనం పొట్టుతో సహా పెసలు నానబెడతాం, వాళ్ళు పొట్టు తీసిన పప్పు వాడతారు. మనం అల్లం, పచ్చిమిర్చి వేసి మెత్తగా రుబ్బి గరిటెతో పల్చగా తిప్పుతాం. వాళ్ళ పిండిలో మసాలా ఏమీ ఉండదు, రుబ్బు కూడా రవ్వరవ్వగానే. అందులో పొడుగాటి పెసర మొలకలు, పులిసిన కిమ్చీ (కారం పట్టించి ఊరబెట్టిన క్యాబేజీ), ఉల్లికాడలు, చాలా బళ్ళలో సన్నగా తరిగిన పంది మాంసం కలుపుతారు. వేలెడు మందాన పెనం మీద వేస్తారు. నూనె రాయడం కాదు, అట్టు సగం మునిగేలా పోస్తారు. అందుకే అంచులు గారెలా కరకరలాడతాయి, లోపల మెత్తగా ఆవిరికి ఉడికినట్టుంటుంది.

ఇంట్లో చేసుకునే కొలతలు ఇవి. పొట్టులేని పెసరపప్పు 200 గ్రాములు, బియ్యం రెండు పెద్ద చెంచాలు కలిపి నాలుగు గంటలు నానబెట్టండి. నీళ్ళు పూర్తిగా వంపేసి, మళ్ళీ అరగ్లాసు నీళ్ళతో మొదలుపెట్టి రుబ్బండి. ముప్పావు గ్లాసు దాటనివ్వకండి. వేళ్ళ మధ్య నలిపితే సన్నరవ్వ తగలాలి. గారెల పిండి కన్నా కాస్త జారు, దోశ పిండి కన్నా బాగా గట్టి అన్నది గుర్తు. మొలకలు 100 గ్రాములు వేడినీళ్ళలో ఒక్క నిమిషం ఉంచి, గట్టిగా పిండి వేయండి. మన ఇళ్ళల్లో గుడ్డలో కట్టే పొట్టి మొలకలు దీనికి పనికిరావు. తెల్లటి పొడుగు మొలకలు కావాలి. అవి దొరక్కపోతే సన్నగా తరిగిన క్యాబేజీ మేలు. కిమ్చీ అరకప్పు, అదీ పిండేసి. లేకపోతే క్యాబేజీలోనే కారం, దంచిన వెల్లుల్లి, రెండు చుక్కల వెనిగర్ కలుపుకోండి. ఉల్లికాడలు నాలుగు. ఉప్పు ముప్పావు చెంచా. ఈ పిండికి జానెడు వెడల్పున నాలుగు అట్లు వస్తాయి.

ఇనుప పెనం బాగా కాలాక ఒక్కో అట్టుకు మూడు పెద్ద చెంచాల నూనె పోయండి. పిండి వేసి, గరిటె వెనకవైపుతో మెల్లగా అదమండి, తిప్పవద్దు. మధ్యరకం మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు.

మీది ముక్కలవడానికి కారణం ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది. నీళ్ళు ఎక్కువైతే పిండిలో పట్టు ఉండదు. ఉప్పు ముందే కలిపి పక్కన పెడితే కూరగాయల నీళ్ళు ఊరి పిండి పల్చబడుతుంది, కాబట్టి ఉప్పు ఆఖరున, పెనం కాలాకే వేయాలి. నూనె పొదుపు చేస్తే పెనానికి పట్టేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు తొందరపడి తిప్పడం. అంచు ఎర్రబడి, పెనం ఊపితే అట్టు దానంతటది కదిలినప్పుడే తిప్పాలి. మెత్తగా రుబ్బితే ముక్కలవదు గాని లోపల బంకగా, బరువుగా ఉంటుంది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చివాసన వస్తుంది.

చట్నీ ఉండదు. తరిగిన ఉల్లిపాయను సోయా సాస్ మూడు చెంచాలు, వెనిగర్ రెండు, నీళ్ళు రెండు, పంచదార ఒకటి కలిపిన దాంట్లో అరగంట నానబెట్టి, ఆ ముక్కల్ని అట్టుతో పాటు తింటారు. అంత నూనె తిన్న నోటికి ఆ పులుపే ఉపశమనం. బజారులో ఇది తినకుండా ఒట్టి అట్టు తిని బాగాలేదనేవాళ్ళు ఉంటారు. బల్ల మీద పెట్టిన గిన్నెను వదలకండి.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: మాది పూర్తి శాకాహార కుటుంబం. గుడ్డు కూడా తినం. మా అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. ఆ బజారులో మాకు తినడానికి ఏమైనా ఉంటుందా?

జవాబు: ఉన్నమాట చెప్పాలి. మీ ఇంటివాళ్ళు ఆ బజారును ఎంతసేపైనా తిరిగి చూడవచ్చు గాని, అక్కడ భోజనం చేసి రావాలనుకోవద్దు. కూరగాయల్లా కనిపించే చాలా వంటల్లో చేప ఉంటుంది. ఎర్రటి రసంలో ఉడికే బియ్యప్పిండి గొట్టాలు, అంటే త్తోక్బొక్కి, చూడటానికి శాకాహారంలా ఉంటుంది. కాని ఆ రసం ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు మరిగించిన నీళ్ళతో చేసేది. అందులోనే చేప ముద్దతో చేసిన ఓముక్ ముక్కలు వేస్తారు. కిమ్చీలో ఉప్పు రొయ్యలో, చేప సాసో పడుతుంది. చేత్తో కోసిన గోధుమ నూడుల్స్, కల్గుక్సు, ఎండుచేప రసంలోనే వస్తాయి. నాచు రేకులో అన్నం పెట్టి చుట్టే, వేలంత ఉండే చిన్న కింబాప్ చుట్టల్లో క్యారెట్, ఊరబెట్టిన ముల్లంగి, పాలకూర మాత్రమే పెట్టే బళ్ళు ఉన్నాయి గాని హామ్, గుడ్డు, ఓముక్ పెట్టేవీ ఉన్నాయి. బిందేత్తోక్ మాంసం లేకుండా అడిగినా, మాంసం ఉండలు వేగిన పెనం మీదే వేస్తారు. ఆ ఒకే పెనం సంగతి మీ ఇంట్లో ఒప్పుకుంటారో లేదో మీరే నిర్ణయించుకోవాలి.

ధైర్యంగా తినగలిగినవి ఇవి. గుమ్మడికాయ జావ హొబక్‌జుక్, ఎర్ర అలసందల్లా కనిపించే గింజలతో చేసే పత్‌జుక్. రెండింట్లోనూ తేలే చిన్న ఉండలు జిగట బియ్యప్పిండివి. కాల్చిన చిలగడదుంపలు. బియ్యప్పిండి తీపి వంటల్లో ఇంజొల్మీ, వేయించిన సోయా పొడిలో పొర్లించింది. సొంగ్‌ప్యొన్ అయితే మన పూర్ణం కుడుముకు దగ్గరి బంధువు. నువ్వులు, తీపి లోపల పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. తాగడానికి సిక్హే అనే అన్నం మెతుకులు తేలే చల్లటి తీపి పానీయం. బార్లీ మొలకలతో అన్నాన్ని తియ్యబరుస్తారు, మత్తు ఉండదు. మక్కొల్లి అని పక్కనే ఇంకొక తెల్లటిది కనిపిస్తుంది. అది మాత్రం బియ్యపు కల్లు, చూసుకోండి.

'శాకాహారం' అన్న ఒక్క మాట అక్కడ సరిపోదు. పైకి మాంసం కనిపించకపోతే చాలని అర్థం చేసుకునేవాళ్ళు ఎక్కువ. దానికి బదులు పేరుపేరునా చెప్పాలి: కోగి, సేంగ్సొన్, సేఉ, మ్యొల్చి యుక్సు, ఏక్జొత్, క్యేరాన్ అన్ మొగోయో. అంటే మాంసం, చేప, రొయ్య, నెత్తళ్ళ రసం, చేప సాస్, గుడ్డు తినం అని. కొరియా అక్షరాల్లో దీన్ని రాయించుకుని చీటీ జేబులో పెట్టుకుంటే మాట తడబడే బాధ ఉండదు.

మీ అమ్మగారికి కడుపునిండా భోజనం కావాలంటే కొరియా బౌద్ధాలయాల వంట వెతకండి. ఆ వంటలో మాంసం, చేపతో పాటు ఉల్లి, వెల్లుల్లి జాతి అయిదు ఘాటు మొక్కల్నీ నిషేధించారు. మన మడివంటలో పెరిగినవాళ్ళకు అది సొంతింటి నియమంలాగే అనిపిస్తుంది. బజారు నుంచి పడమరగా సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో జొగ్యేసా అనే పెద్ద ఆలయం ఉంది. ఆ చుట్టుపక్కల ఇలాంటి భోజనశాలలు ఉంటాయి. ఫోన్ చేసి గుడ్డు, పాల సంగతి కూడా కనుక్కుని వెళ్ళండి.

నెల్లూరు, కోటమిట్ట నుంచి: హలాల్ తిండి దొరుకుతుందా?

జవాబు: గ్వాంగ్‌జాంగ్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సున్దే అని నల్లగా, చుట్టలుగా కనిపించేది పంది పేగులో రక్తం, చిలగడదుంప పిండి సేమ్యా కూరి ఉడికించినది. జొక్‌పల్ పంది కాళ్ళు. వేపుడు పెనాలు ఉమ్మడివి. సాసుల్లో వంట సారా కలపడం కూడా మామూలే. జావలు, చిలగడదుంపలు, బియ్యప్పిండి తీపి వంటలతో సరిపెట్టుకుని, భోజనానికి ఇటేవాన్ వెళ్ళండి. 1976లో కట్టిన సియోల్ సెంట్రల్ మసీదు అక్కడే ఉంది. దాని దారి పొడుగునా హలాల్ హోటళ్ళు ఉన్నాయి. జొంగ్నో ఓగా నుంచి 1వ లైనులో రెండో స్టాపు దొంగ్మ్యోలో దిగి 6వ లైనుకు మారండి. అక్కడి నుంచి ఆరో స్టాపు ఇటేవాన్.

ముత్తుకూరు నుంచి: మాకు రొయ్యల చెరువులున్నాయి. చేపలు, రొయ్యలు తినడంలో మాకు వెనకాడేది లేదు. బతికున్న ఆక్టోపస్ తింటారంట గదా! అది తినొచ్చా? ఇంకేం తినాలి?

జవాబు: దాని పేరు సన్నక్చి. చిన్న ఆక్టోపస్ కాళ్ళను అప్పటికప్పుడు ముక్కలు కోసి, నువ్వుల నూనె చల్లి ఇస్తారు. ముక్కలు పళ్ళెంలో కదులుతూనే ఉంటాయి. ప్రాణం పోయినా నరాలు పనిచేస్తూ ఉండటమే ఆ కదలికకు కారణం. ప్రమాదం రుచిలో లేదు, కాళ్ళకున్న పీల్చే గిన్నెల్లో ఉంది. నమలకుండా మింగితే అవి గొంతు గోడకు పట్టుకుని ఊపిరాడనివ్వవు. దీనివల్ల చనిపోయినవాళ్ళు ఉన్నారు. తినాలనే ఉంటే ఒక్కో ముక్క నూనెలో బాగా ముంచి, కదలిక పూర్తిగా ఆగేదాకా నమలండి. కట్టుడు పళ్ళున్నవాళ్ళకు, పిల్లలకు, తాగి ఉన్నవాళ్ళకు పెట్టకండి. పక్కనే అమ్మే పచ్చి గొడ్డుమాంసం యుక్వే, చలికాలంలో వచ్చే పచ్చి ఆలిచిప్పలు మాత్రం ప్రయాణంలో ఉన్నవాళ్ళు మానుకోవడమే మంచిది. వండని తిండి అలవాటు లేని కడుపుకు ఆ రెండూ పరీక్షే. తర్వాతి మూడు రోజులు హోటల్ గదిలో గడపాల్సి రావచ్చు.

చేప రుచి తెలిసినవాళ్ళు మొదట ఓముక్ దగ్గర ఆగండి. తెల్లచేప కండను పిండితో కలిపి రుబ్బి, వేయించి, మడతలు పెట్టి పుల్లకు గుచ్చి వేడి రసంలో ఉంచుతారు. ఆ రసం కాగితం గ్లాసులో ఉచితంగా పోసుకోవచ్చు. పుల్లలు పారేయకండి, తిన్నవి లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. మంచి ఓముక్‌లో చేప శాతం ఎక్కువ, కొరికితే సాగకుండా తెగుతుంది. పిండి ఎక్కువైతే రసంలో ఉబ్బి మెత్తగా పోతుంది.

మీ వృత్తికి సంబంధించి చూడదగ్గది మాత్రం వేరే ఉంది. నొర్యాంగ్‌జిన్ చేపల బజారు, మెట్రో 1, 9 లైన్లలో అదే పేరున్న స్టేషన్ దగ్గర. తొట్లలో బతికున్న చేపలు, పీతలు, రొయ్యలు కింద అంతస్తులో కొని, పై అంతస్తు హోటల్‌కు ఇస్తే వండి పెడతారు. చేప ధర కింద, వంట ఖర్చు, బల్ల ఖర్చు పైన వేరువేరుగా పడతాయి. రెండూ ముందే అడగండి. నామ్‌దేమున్ బజారులో ఒక సందు మొత్తం పొడుగాటి రిబ్బన్ చేపను ముల్లంగితో, కారంతో దగ్గరికి ఉడికించి మట్టికుండలాంటి గిన్నెల్లో పెట్టే హోటళ్ళే. చింతపండు లేదుగాని, మన చేపల పులుసు ఇష్టపడేవాళ్ళకు అన్నంతో కలుపుకోవడానికి అంతకన్నా దగ్గరైనది సియోల్‌లో కనిపించదు.

కందుకూరు నుంచి: భాష రాదు కదా, డబ్బు ఎక్కువ లాగుతారేమోనని భయం. ఎలా అడగాలి, ఎంతవుతుంది?

జవాబు: ఆ భయానికి కొంత కారణం ఉంది. 2023 చివర్లో గ్వాంగ్‌జాంగ్‌లో కొద్దిపాటి అట్ల ముక్కలకు 15,000 వొన్ తీసుకున్నారన్న గొడవ కొరియా అంతటా పాకింది. ఆ తర్వాత ధరతో పాటు ఎంత పెడతారో కూడా బోర్డు మీద రాయాలని నగర పాలకులు, వర్తకుల సంఘం పూనుకున్నారు. గొడవ వచ్చింది 'మొదుమ్' దగ్గర. అంటే రకరకాలు కలిపిన పళ్ళెం. మీరు ఆ మాట ఉన్న వరస జోలికి పోకుండా ఒక్కో వస్తువు విడిగా అడిగితే లెక్క తేలిగ్గా ఉంటుంది.

ధర బోర్డు మీద వేలు పెట్టి 'ఇగో హానా జుసెయో' అనండి, ఇది ఒకటి ఇవ్వండి అని అర్థం. రెండుకు 'తూ గే'. ఎంత అనడానికి 'ఒల్మాయెయో'. అమ్మే ఆవిడను ఈమో అని పిలవవచ్చు. ఆ మాటకు అర్థం అమ్మ చెల్లెలో అక్కో, అంటే మన పిన్నో పెద్దమ్మో. మన బజార్లలో వరసలు కలిపి పిలిచినట్టే. తిండి దగ్గర బేరమాడకూడదు. టిప్పు ఇవ్వక్కర్లేదు, ఇచ్చినా తికమకపడతారు.

ఒక బిందేత్తోక్ 5,000 వొన్ ప్రాంతంలో, చిన్న కింబాప్ పళ్ళెం 3,000 నుంచి 4,000, త్తోక్బొక్కి 4,000 ప్రాంతంలో ఉంటాయి. ఇద్దరు పంచుకుని తింటే 20,000 నుంచి 25,000 వొన్లలో కడుపు నిండుతుంది. ఆకుపచ్చ 10,000 నోట్లు, నీలం 1,000 నోట్లు దగ్గర ఉంచుకోండి. పసుపు రంగు 50,000 నోటు చిన్న బండి దగ్గర ఇస్తే చిల్లరకు ఇబ్బంది. విదేశీ కార్డు అన్ని బళ్ళలో పనిచేస్తుందనుకోవద్దు.

ఇంకో మాట. ఒక బండి బల్ల మీద కూర్చుని ఇంకో బండి తిండి తినకూడదు. నలుగురు కూర్చుని ఒక్క పళ్ళెం అడగడం కూడా మర్యాద కాదు. చెత్తబుట్టలు దాదాపు కనిపించవు. పుల్ల, గ్లాసు కొన్న బండికే తిరిగి ఇవ్వాలి.

దర్శి నుంచి: మా అమ్మకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. ఎప్పుడు వెళ్ళాలి, ఎలా తిరగాలి?

జవాబు: శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజు ఉదయం 10 గంటలకు చేరండి. తిండి బళ్ళు చాలావరకు అప్పటికి వేడెక్కి ఉంటాయి, రద్దీ ఉండదు. మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంటన్నర దాకా, సాయంత్రం 6 తర్వాత సందుల్లో భుజాలు రాసుకుంటూ నడవాలి. అమ్మగారికి అది కష్టం. సొల్లాల్ (చాంద్రమాన కొత్త సంవత్సరం), చుసొక్ (కోతల పండగ) రోజుల్లో చాలా అంగళ్ళు మూతపడతాయి. చుసొక్ సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది.

మొదటి చుట్టు ఏమీ కొనకుండా తిరగండి. జొంగ్నో వైపు ద్వారం నుంచి లోపలికి నేరుగా వెళ్తే నాలుగు సందులు కలిసే కూడలి వస్తుంది. తిండి బళ్ళ గుంపంతా అక్కడే. ఎవరి పిండి తాజాగా ఉంది, ఎవరి బండి ముందు అక్కడివాళ్ళు కూర్చున్నారు, ఎక్కడ నూనె నల్లబడింది, ఇవన్నీ పావుగంట నడకలో తెలుస్తాయి. ద్వారం దగ్గరే ఆకలికి లొంగినవాళ్ళు సగం బజారు చూడకుండానే కడుపు నింపుకుంటారు. రెండో చుట్టులో మొదట జావ, తర్వాత ఒక బిందేత్తోక్ ఇద్దరికి, ఆ పైన కల్గుక్సు లేదా మండు కుడుములు. త్తోక్బొక్కి అడిగితే వేడిగానే తినేయండి. చల్లారితే, నిన్నటి అన్నం గట్టిపడినట్టే, ఆ బియ్యప్పిండి గొట్టాలు రబ్బరులా మారతాయి. ఆఖరున హొత్తోక్, బెల్లంలాంటి చక్కెర, దాల్చినచెక్క, పప్పులు కూరి నూనెలో అదిమి కాల్చిన రొట్టె. లోపలి పాకం సలసల కాగుతూ ఉంటుంది. కొరికిన వెంటనే ఒలికి గడ్డం కాలినవాళ్ళు ఎందరో. అంచు కాస్త చింపి, ఆవిరి పోనిచ్చి తినండి.

బళ్ళ దగ్గర కూర్చునేవి వెనక ఆనుకోవడానికి లేని బల్లలు. చలికాలంలో వాటి కింద కరెంటుతో వెచ్చబరుస్తారు, మోకాళ్ళకు హాయిగా ఉంటుంది. జనవరిలో అక్కడ సున్నా కన్నా పది డిగ్రీలు కిందికి పోయే రోజులు ఉంటాయి. బజారు రెండు చివరలా తెరిచే ఉంటుంది కాబట్టి చెవులు కప్పే టోపీ, ఉన్ని సాక్సులు తప్పవు. నేల తడిగా, జిడ్డుగా ఉంటుంది. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేయించండి. మెట్రోలో లిఫ్ట్ ఉన్న దారి ఏదో నేవర్ మ్యాప్ చూపిస్తుంది. 8వ దారి మెట్లు ఎక్కే ముందు అది చూడండి.

తిన్నాక చూడటానికి పై అంతస్తులో పట్టు, హన్బొక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) బట్టల అంగళ్ళు ఉన్నాయి. చేనేత ఇళ్ళవాళ్ళు తప్పక చూడాల్సినవి. ఆదివారం మూసి ఉంటాయి, సాయంత్రం 6కే కట్టేస్తారు. తర్వాత బజారు దక్షిణం వైపు దాటగానే చొంగ్గ్యేచొన్ వాగు. దాని మీద కట్టిన ఎత్తు రోడ్డును పడగొట్టి 2005లో నీళ్ళను మళ్ళీ పారించారు. కిందికి దిగాక పడమరకు రెండు కిలోమీటర్లు చదునైన నడక. అమ్మగారు దిగలేకపోతే పైన గట్టు మీదే నడవవచ్చు, నీళ్ళు అక్కడి నుంచీ కనిపిస్తాయి. పెద్దవాన పడితే కిందికి దిగే దారులు మూసేస్తారు. నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి కాబట్టి ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోవద్దు.

సింగరాయకొండ నుంచి: అక్కడి కారం మనం తట్టుకోగలమా?

జవాబు: హాయిగా. ఎర్రగా భయపెట్టే గొచుజాంగ్ ముద్దలో మిరపపొడితో పాటు జిగట బియ్యం, పులియబెట్టిన సోయా, బార్లీ తీపి ఉంటాయి. మీ నాలుకకు ముందు తగిలేది తీపే. చొంగ్యాంగ్ అనే సన్న పచ్చిమిర్చి వేసిన వంట మాత్రం నిజంగా మండుతుంది.

ఆత్మకూరు నుంచి: ఇక్కడి నుంచి పచ్చళ్ళు తీసుకెళ్ళి, అక్కడి నుంచి గొచుజాంగ్, కిమ్చీ తెచ్చుకోవాలని ఉంది. విమానంలో ఒప్పుకుంటారా?

జవాబు: మాంసం పచ్చళ్ళు, తాజా పండ్లు, పచ్చి కరివేపాకు కొరియాకు తీసుకెళ్ళవద్దు. అక్కడి క్వారంటైన్ తనిఖీలో తీసేసుకుంటారు. దాచిపెడితే జరిమానా కూడా.

తిరిగి వచ్చేటప్పుడు గొచుజాంగ్, కిమ్చీ రెండూ చేతిసంచిలో పెట్టకూడదు. భద్రతా తనిఖీలో వాటిని ద్రవాల కిందే లెక్కిస్తారు, 100 మిల్లీలీటర్లు దాటిన డబ్బా అక్కడే వదిలేయాలి. కౌంటర్లో ఇచ్చే పెద్ద పెట్టెలో పెట్టండి. కిమ్చీ పొట్లంలో కూడా పులుస్తూనే ఉంటుంది, గాలి పుట్టి ప్యాకెట్ ఉబ్బి, పెట్టెలో పగిలిన రోజులు ఉన్నాయి. ప్రయాణానికి ముందు రోజు, ఫ్రిజ్‌లో ఉన్నదే కొనండి. రెండు జిప్ కవర్లలో వేసి, పాత తువ్వాలు చుట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఎండు నాచు రేకులకు ఈ బాధ లేదు. నలగకుండా బట్టల మధ్య పెట్టుకుంటే చాలు. ఇల్లు చేరాక పెనం మీద ఒక్క క్షణం వేడి చేస్తే మళ్ళీ కరకరలాడతాయి.